మా ఇంటి మెదడు సంపులో పడింది

మా ఇంట్లో ఎవరి ఓటీపీ అయినా నాయిన ఫోన్‌కే వస్తుంది. గ్యాస్ సిలిండర్ కోడు, అమ్మ బ్యాంకు ఖాతా, నా రైలు టికెట్టు, జడ్చర్లలో ఉన్న అక్క కరెంటు బిల్లు, చివరికి గ్రూప్స్‌కి చదువుతున్న మేనల్లుడి హాల్‌టికెట్టు కూడా. ఆధార్ నమోదు చేసుకున్న కాలంలో ఇంట్లో సెల్‌ఫోన్ నాయినకే ఉండేది. ఏ నంబర్ రాయాలి అని కౌంటర్ దగ్గర అడిగితే లైన్లో నిలబడి అందరం అదే చెప్పాం. తర్వాత ఎవరి ఫోన్ వాళ్లకి వచ్చింది గానీ, నంబర్ మార్పించుకునే ఓపిక ఎవరికీ రాలేదు. మధ్యాహ్నం అన్నం తిని నాయిన కునుకు తీస్తే ఇంటిల్లిపాది లావాదేవీలూ కునుకు తీస్తాయి.

ఈ ఏర్పాటుకి మా మేనల్లుడు పెట్టిన పేరు ఉమ్మడి చైతన్యం. మహబూబ్‌నగర్‌లో కోచింగ్ బాగుంటుందని మా ఇంట్లో ఉండి చదువుతున్నాడు. చదివేది మాత్రం అంతరిక్ష నవలలు. పాలిటీ పుస్తకం మందంగా ఉంటుంది కాబట్టి దాని వెనక ఎంత పెద్ద గెలాక్సీ అయినా దాగుతుంది. రాత్రి అన్నాల దగ్గర వాడికి పూనకం వస్తుంది. యాన్ లెకీ అనే అమెరికా రచయిత్రి 2013లో రాసిన 'యాన్సిలరీ జస్టిస్' వాడికి పేజీ నంబర్లతో సహా నోటికి వచ్చు. అందులో కథ చెప్పే బ్రెక్ ఒకప్పుడు మనిషిలా ఆలోచించే ఒక అంతరిక్ష యుద్ధనౌక. ఎన్నో మనిషి శరీరాలతో ఒకేసారి చూసేది, నడిచేది, పాడేది. ఓడ నాశనమయ్యాక ఒక్క శరీరం మిగిలింది.

"ఆ మిగిలింది ఓడేనా మామా, ఓడలో ఒక ముక్కనా?" అని నా కంచంలోకి చూస్తూ అడుగుతాడు.

దీనికి నాయిన దగ్గర జవాబుంది. ఆయన రిటైరైన బయాలజీ సారు. "పిల్లలమర్రికి పోయి అడుగురా. అసలు మాను ఏదో చూపెట్టమను" అంటాడు. ఏడొందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటారు. మూడెకరాలకు పైగా పరుచుకుంది, ఊడలే మాన్లయ్యాయి, మొదటి మాను ఏదో తేల్చడం కష్టం. 2018లో చెదలు పట్టినప్పుడు దానికి సెలైన్ బాటిళ్లు కట్టి పురుగుమందు చుక్కచుక్కగా ఎక్కించారు. "ఏ మానుకు ఎక్కిస్తే చెట్టుకు ఎక్కినట్టు?" అని నాయిన అడిగిన రోజు మా మేనల్లుడు పెరుగన్నం తినకుండానే లేచాడు.

వాడికి బ్రెక్ కన్నా ఇష్టం, రాడ్చ్ సామ్రాజ్యాన్ని ఏలే అనాండర్ మియానై. వేల శరీరాలు, అన్నీ తనే. చివరికి తనలోనే రెండు వర్గాలు లేచి, తనతో తనే గుట్టుగా యుద్ధం చేసుకుంటుంది. అభిమానులు జుట్లు పట్టుకునేది ఇక్కడే. గార్సెడ్ జనాన్ని తుడిచిపెట్టిన పాపం ఆమెను చీల్చిందా, లేక ప్రెస్గర్ అనే గ్రహాంతరవాసులు లోపల దూరారా? మా వాడు ప్రెస్గర్ పార్టీ. నా లెక్క వేరు. ఎవరూ దూరలేదు. ప్రతి శరీరమూ "రెండోదానికి తెలిసే ఉంటదిలే" అనుకుని ఊరుకుంది, అంతే. నలుగురున్న ఇంట్లో పాలు విరిగిన సంగతి ఎవరికీ ఎందుకు తెలియదో నాకు బాగా తెలుసు.

ఇంతకీ ఆదివారం పొద్దున్నే భగీరథ నీళ్లు వచ్చాయో లేదో చూద్దామని నాయిన సంపు మూత ఎత్తి, ఫోన్ టార్చి వేసి లోపలికి వంగాడు. పైజేబులోంచి కళ్లద్దాలు జారబోయాయి. రెండు చేతులా పట్టుకున్నాడు. అద్దాలు దక్కాయి.

ఫోన్ బుడుంగున మునిగి అడుగుకు పోయింది. టార్చి మాత్రం వెలుగుతూనే ఉంది. గోడల మీది పాకుడు, పోయిన సంక్రాంతికి కనపడకుండా పోయిన ఎర్ర మగ్గు, అన్నీ పచ్చటి వెలుగులో తేటగా కనిపించాయి. అందరం చుట్టూ చేరి వంగి చూశాం.

"నీళ్లయితే నిండుగ ఉన్నయి" అన్నాడు నాయిన.

"ఓడ మునిగింది మామా" అన్నాడు మేనల్లుడు నా చెవిలో.

సరిగ్గా అప్పుడే సిలిండర్ భుజాన వేసుకుని గ్యాస్ అబ్బాయి వచ్చాడు. కోడ్ చెప్పమన్నాడు.

"కోడ్ సంపుల ఉంది బిడ్డా" అంది అమ్మ.

అతనూ వంగి చూశాడు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మంచినీళ్లు తాగేవాడు, అమ్మ మోకాళ్ల నొప్పులు ఏ కాలంలో ఎక్కువో తెలిసినవాడు. "పెద్దమ్మా, మీరు నాకు ఎరుకే. మిషన్‌కు ఎరుక కావాలె గదా" అని, సిలిండర్ మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

ఆ తర్వాత హాల్లో ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. అక్క నా ఫోన్‌కి చేసి, స్పీకర్లో ఓటీపీ ఓటీపీ అని అరుస్తోంది. పక్కింటామె వచ్చి తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టమంది. సన్నబియ్యంలో పెడితే పాడైతయి, దొడ్డుబియ్యమే కావాలె అంది అమ్మ. ఇప్పుడు రేషన్‌లో కూడా సన్నబియ్యమే ఇస్తున్నరు, దొడ్డుబియ్యం యాడికెల్లి తేవాలె అని ఇద్దరూ ప్రభుత్వం మీద పడ్డారు. ఈ గోలలో మా వాడు వెర్నర్ వింజీ 1992 నాటి నవల ఎత్తుకున్నాడు. అందులో టైన్స్ అని కుక్కల్లాంటి జీవులట. నాలుగు నుంచి ఎనిమిది కలిస్తే ఒక మనిషి. మనకు వినపడని శబ్దాలతో ఒకే మనసుగా ఆలోచిస్తాయి. రెండు గుంపులు మరీ దగ్గరికొస్తే ఆలోచనలు కలగాపులగమై రెండింటికీ మతి పోతుంది.

"ముందు సంపులకు దిగురా" అన్నాడు నాయిన.

దిగాడు, తీశాడు. సిమ్ము బాగానే ఉండేది, ఇంకో ఫోన్లో వేస్తే సరిపోయేది. పిన్ను దొరక్క పిన్నీసుతో లాగాడు. ఎప్పుడో కత్తెరతో కత్తిరించి చిన్నది చేసిన పాత సిమ్ము, రెండు ముక్కలైంది.

క్లాక్ టవర్ దగ్గర దుకాణంలో కొత్త సిమ్ముకు నాయిన వేలిముద్ర పడలేదు. సుద్దముక్కలు పట్టి పట్టి గీతలు అరిగిన వేళ్లు. తల మీద రుద్దుకుని పెట్టమన్నాడు దుకాణం పిల్లగాడు. కొబ్బరినూనె తగిలాక మిషన్ ఒప్పుకుంది. అయినా 24 గంటల దాకా మెసేజీలు రావన్నాడు. దొంగలు మన నంబర్ మీద వేరే సిమ్ము తీసి బ్యాంకులో డబ్బులు ఊడ్చకుండా పెట్టిన నిబంధన.

"నేను దొంగను గాదు బాబు. గీ నంబర్ నాదే."

"మీదే సార్. కానీ రేపటి దాకా మీరు మీరు కానట్టే."

ఈ మాటకు మా వాడి ముఖం ఎంత వెలిగిందంటే, అక్కడే నోట్‌బుక్ తీస్తాడేమో అని భయపడ్డాను. ఆ రాత్రి పెరట్లో మూడు రాళ్లు పెట్టి కట్టెల మీద వండుకున్నాం. పొగకు అందరి కళ్లూ ఒకేసారి మండాయి. ఉమ్మడి చైతన్యం పూర్తిగా పోలేదన్నాడు వాడు.

మర్నాడు సాయంత్రం మెసేజీలు రావడం మొదలైంది. నాయిన కళ్లద్దాలు పెట్టుకుని, క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే పైకి చదివాడు. కరెంటు బిల్లు. బ్యాంకు. ఆ తర్వాతది: మీ పెళ్లి ప్రొఫైల్ నచ్చి ఒక వధువు మీకు సందేశం పంపింది.

ఇంట్లో పెళ్లికాని మగవాడు ఒక్కడే. మధ్యాహ్నం నాయిన పడుకోగానే ఫోన్‌ను చార్జింగ్‌కి పెడతానని వాడు ఎందుకు పట్టుకుపోతాడో అప్పుడు అర్థమైంది.

"తాతా, నేను గాదు. ఎవరో మన నంబర్..." అంటూ ప్రెస్గర్ల వైపు పోబోయాడు.

నాయిన అప్పటికే లింకు నొక్కాడు. అమ్మ ఫోన్ లాక్కుని, ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"అంగీ అయితే నీదేరా. మొన్న నేనే ఇస్త్రీ చేసిన. ఇంతకు పిల్లది ఏ ఊరు?"