52 సెకన్ల బొకే

నిన్న జెండా పండగ. ఈ పొద్దున పాలపాకెట్టుకని వీధిలోకి వెళ్తే ఎదురింటివాళ్ల పెద్దబ్బాయి నన్ను చూసి తాపీగా మోచెయ్యి గోక్కున్నాడు. దోమ కుట్టి కాదు. అందుకే వేడి తగ్గకముందే రాసి పడేస్తున్నాను.

సంగతి ఇంతే. నాలుగు రోజుల కిందట మా కాలనీ సంఘం కార్యదర్శిగారు గేటు దగ్గర ఆగి, "మీ మేడ మీద అన్నేసి పూలుండగా బజార్లో బొకే కొనడమేంటమ్మా, డబ్బులు దండగ కాకపోతే!" అన్నారు. డబ్బులు సంఘానివి, పూలు నావి. అతిథులెందరండీ అంటే ముగ్గురన్నారు. బొకేలెన్ని కావాలంటే ఒకటి చాలన్నారు. ఆ లెక్క దగ్గరే నేను ఆగాల్సింది. కానీ అప్పటికే మనసులో మేడెక్కి కాడలు లెక్కపెట్టుకుంటున్నాను.

కాడలనే అంటున్నాను, పూలనడం లేదు. ఇది మన ఇళ్లలో ఎవరికీ ఎక్కని విషయం. దేవుడికి కాడ అక్కర్లేదు. గొబ్బెమ్మకి గుచ్చడానికి అరంగుళం చాలు. జడలోకైతే ఆ లోటు దారం తీరుస్తుంది. అందుకని తరతరాలుగా మనకి పువ్వు కోయడమంటే గొంతు దగ్గర పుటుక్కున తుంచి సజ్జలో వేయడమే. బొకేకి మూరెడు కాడ కావాలి. పొద్దున్నే మా అత్తయ్యగారు సజ్జ పట్టుకుని మేడెక్కుతున్న చప్పుడైతే నా గుండెల్లో రాయి పడుతుంది. మొన్న సంక్రాంతికి చుట్టుపక్కల గొబ్బెమ్మలన్నిటి నెత్తినా మా బంతిపూలే. పోతే పోయాయిలే, బంతితో బొకే కట్టడం ఎలాగూ కష్టం. మెడ బోలుగా ఉండి తల బరువుకి మడతపడుతుంది, ఆకులు నీళ్లలో మునిగితే రెండో రోజుకల్లా గదంతా మురుగు కంపు.

కాడ సాగాలంటే మొక్క చిన్నప్పుడే దయ లేకుండా ఉండాలి. 15 అంగుళాల గ్రో బ్యాగులో ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో, పైన గుప్పెడు వేపపిండి. బ్యాగుకి మూడు జిన్నియాలు, అంతే. ఒత్తుగా వేస్తే గాలి ఆడక ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది. నవంబరు మొదట్లో వేసిన గింజ అయిదారు రోజుల్లో మొలుస్తుంది. అడుగు ఎత్తుకు రాగానే కింద మూడు నాలుగు జతల ఆకులు వదిలి నడినెత్తి గిల్లేయాలి. అప్పుడే ఆకుల సందుల్లోంచి పక్కకొమ్మలు పొడుగ్గా లేస్తాయి. పూశాక కూడా పైపైన కాకుండా ఆకు జత దాకా లోతుగా కోసేయాలి. ఎంత కింద కోస్తే తర్వాత వచ్చే కాడ అంత పొడుగు. "ఎదిగే పిల్ల నెత్తి గిల్లుతుందేంటో ఈవిడ" అని అత్తయ్యగారు ఫోన్లో ఎవరికో చెప్తుంటే నా చెవినే పడింది.

చామంతి కథ వేరు. కడియం నర్సరీల్లో ఆగస్టులో కొన్న 12 మొక్కల్లో ఎనిమిదే పూశాయి. మిగతా నాలుగు ఇవాళ్టికీ నిగనిగలాడుతూ ఆకులే వేస్తున్నాయి. తెగులు కాదు, ఎరువు తేడా కాదు. పొద్దు తగ్గి రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ కడుతుంది. చీకట్లో దీపం పడుతూ ఉంటే ఇంకా పొడుగు పగళ్లే అనుకుని ఆకులేస్తూ కూర్చుంటుంది. ఆ నాలుగు కుండీల మీద పడుతున్న దీపం ఏదంటే, దసరాకి సంఘంవారు వేయించిన ఎల్‌ఈడీ వీధిదీపం. కాస్త రోడ్డు వైపు తిప్పించండి బాబూ అని రెండు అర్జీలిచ్చాను. రోడ్డుకి వేసిన దీపం రోడ్డు మీద పడితే తప్పేంటో నాకు తెలీదు. కార్యదర్శిగారు రెండుసార్లూ "చూద్దామమ్మా" అన్నారు. ఆ దీపం మిగిల్చిన పూలతోనే ఆయన సభకి బొకే కట్టాలి.

సరే. 25 సాయంత్రం ఎండ వాలాక బకెట్టు నీళ్లతో మేడెక్కాను. కోసిన కాడ కోసినట్టే నీళ్లలోకి పోవాలి. బుట్టలో వేసుకుని తీరిగ్గా కిందికి తెస్తే ఆలోపు కొసన గాలి చేరి నీటి దారి మూసుకుపోతుంది. జిన్నియాని కోసే ముందు పువ్వుకి జానెడు కింద పట్టుకుని ఊపి చూడాలి. తల వేలాడిందంటే కాడ ఇంకా లేత, కోస్తే కాసేపటికే సొమ్మసిల్లుతుంది. పువ్వూ కాడా కలిసి కర్రలా కదిలితే కోసుకోవచ్చు. ఇలా ఒక్కోదాని గొంతు పట్టుకుని ఊపుతుంటే పక్క మేడావిడ బట్టలు తీయడం ఆపి మరీ చూసింది. 20 జిన్నియాలు, ఎనిమిది చామంతి రెమ్మలు, నాలుగు కోడిజుట్టు, అంచుకి మరువం, అయిదు గ్లాడియోలస్. గ్లాడియోలస్‌కి కింది రెండు మొగ్గలు రంగు చూపగానే కోసేయాలి, మిగతావి నీళ్లలో కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి. వాటిని రాత్రంతా నిటారుగా నిలబెట్టాలని తెలిసీ గోడకి చేరేశాను. తెల్లారేసరికి అయిదూ కొడవళ్లు. ఏటవాలుగా పెడితే ఆ కొస ఆకాశమెటో వెతుక్కుంటూ పైకి తిరుగుతుంది. వంగిన మేరకు తుంచి సర్దేశాను.

కట్టడంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మొదటి కాడ. ఆపైన ప్రతి కాడా ఒకే వాలులో, నాలుగైదు పెట్టాక గుత్తిని కాస్త తిప్పి మళ్లీ అదే వాలులో. ఒక్క కాడ ఎదురువాలులో దూర్చినా బిగించేటప్పుడు అదే విరుగుతుంది. నానబెట్టిన అరటినారతో మూడు చుట్లు. ఎండు నార కాడని కోస్తుంది. కింద సమంగా కత్తిరించి గట్టు మీద పెట్టి చెయ్యి వదిలేశాను. నిలబడింది! ఎవరూ పట్టుకోకుండా తన కాళ్ల మీద తను నిలబడింది. నేను పొంగిపోయాను. ఆ పొంగులోనే కొసలకి చుట్టే దూదికి పంచదార నీళ్లు పట్టించాను.

తర్వాత జెండా ఎగిరింది. మడతలో పెట్టిన బంతిరెక్కలు ముద్దలా పడకుండా విడివిడిగా రాలాయి. ముందురోజు విడదీసి నీడన ఆరబెట్టి ఇచ్చింది నేనే. తడి రెక్కలైతే గుడ్డకి అతుక్కుని వేలాడతాయి. ఈ సంగతి మైకులో ఎవరూ చెప్పలేదు.

ఉపన్యాసాలయ్యాయి. "ముఖ్య అతిథిగారికి పుష్పగుచ్ఛం" అన్నారు. ఇచ్చారు, ఫొటో తీశారు. కార్యదర్శిగారు దాన్ని ఆయన చేతిలోంచి మెల్లగా లాగి, కుర్చీల వెనక నుంచి తిప్పి తెచ్చారు. "విశిష్ట అతిథిగారికి పుష్పగుచ్ఛం." అదే. ఫొటో. "ఆత్మీయ అతిథిగారికి..." అదే. నా 37 కాడలు ముగ్గురి చేతుల్లో నలిగాయి. శాలువాలు మాత్రం మూడు తెప్పించారు, కప్పిన శాలువా భుజం మీంచి లాగితే బాగోదు కాబట్టి. ఫొటోగ్రాఫరు ఒకడు, "సార్, బొకే కొంచెం పైకి... గుండెల దగ్గర... అలాగే ఉంచండి... ఇంకోటి సార్" అంటూ ఒక్కొక్కరినీ నిమిషం సేపు బొకేని కావిలించుకునేలా చేశాడు. ఆఖర్న గ్రూప్ ఫొటోకని అది మళ్లీ ముఖ్య అతిథి చేతికే వచ్చింది. వెనక నుంచి ఎవరో ఇడ్లీలు చల్లారిపోతున్నాయన్నారు. అంతే, కార్యదర్శిగారు మైకు లాక్కుని, సభ ముగింపు కాబట్టి మళ్లీ ఒకసారి "జాతీయగీతం!" అన్నారు.

అందరం నిటారుగా నిలబడిపోయాం. ముఖ్య అతిథి చేతిలో బొకే. పెట్టడానికి బల్ల లేదు, అందుకోవడానికి మనిషి లేడు.

జాతీయగీతానికి పట్టేది 52 సెకన్లు. మా కాలనీ పిల్లలు పాడితే ఇంకాస్త.

పదో సెకనులో రిబ్బను కింది నుంచి ఒక నల్లచీమ బయటికొచ్చింది. ఒక్కటే. అటూ ఇటూ చూసి ఆయన బొటనవేలెక్కింది.

పంచదార సంగతి ఇక్కడ చెప్పాలి. వేజులో పెట్టే పూలకి లీటరు నీళ్లలో ఒక టీస్పూను పంచదార, రెండు టీస్పూన్ల నిమ్మరసం, రెండు మూడు చుక్కల బ్లీచింగ్ ద్రావణం. పంచదార మొగ్గ విచ్చుకోవడానికి తిండి. నీళ్లు కాస్త పుల్లబడితే కాడలోకి సులువుగా ఎక్కుతాయి. బ్లీచింగు లేకపోతే ఆ పంచదార తిని బాక్టీరియా పెరిగి కాడ కొసని జిగురుతో మూసేస్తుంది. ఇదంతా వారం రోజులు ఇంట్లో ఉండే పూల వైభోగం. రెండు గంటలు చేతిలో ఉండే బొకేకి ఉత్త నీళ్లలో తడిపిన దూది చాలు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో! అలాంటిదాన్ని నిన్న అర లీటరుకి నాలుగు చెంచాలు పోసి, దూది ముంచి, ప్లాస్టిక్కు చుట్టి, రిబ్బను ముడేశాను. చీమలకి అంతకన్నా మర్యాదగా పెళ్లిభోజనం ఎవరూ మూటకట్టి ఇవ్వరు.

ఇరవయ్యో సెకనుకి వరస కట్టాయి. ఆయనది ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. నల్లటి గీత ఒకటి మణికట్టు దగ్గర మొదలై మోచేతి వైపు సాగుతోంది. ఆయన తల కదపలేదు, కనుగుడ్లు మాత్రం కిందికి దింపి చూశారు. మళ్లీ జెండా వైపు ఎత్తారు. ఆ మైదానంలో కదులుతున్నవి రెండే, జెండా, చీమలు.

అసలు ఇవి మా మేడ మీది చీమలే అయ్యుండాలి. పది రోజుల కిందట చామంతి చిగుళ్లకి పేనుబంక పట్టింది. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని ఆవుల మందలా కాస్తాయి, తినడానికొచ్చే పురుగుల్ని తరుముతాయి కూడా. లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టాను. పేనుబంక పోయింది. చీమలకి పని పోయింది. కొత్త పని కోసం చూస్తున్నట్టున్నాయి.

ముప్పయ్యో సెకను నుంచి నాకేమీ కనబడలేదు, గీత శాలువా కిందికి దూరిపోయింది. శాలువా మాత్రం భుజం దగ్గర ఒకసారి, మెడ దగ్గర ఒకసారి చిన్నగా ఉలిక్కిపడింది. నల్లచీమ కుట్టదు, అదే దాని చెడ్డతనం. కుడితే మనిషి పళ్లు బిగించి ఓర్చుకుంటాడు. చక్కిలిగింతకి బిగించడానికి పళ్లు చాలవు. ఆయన పెదాలు వణికాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు వరసలో ఒకాయన అది చూసి చలించిపోయి గొంతు పెంచారు. ఇంతలో విశిష్ట అతిథి ఎడమ భుజం ఎగిరింది. ఆత్మీయ అతిథి ఒంటికాలి మీద నిలబడి ఆ రెండో కాలితో పిక్క రుద్దుకోవడం మొదలెట్టారు. అప్పుడు అర్థమైంది నాకు. సంఘం పొదుపు పుణ్యమా అని ఒక్క బొకేలోంచి చీమలు ముగ్గురికీ సమంగా అందాయి.

ఆ నలభై, యాభై సెకన్ల మధ్య నాకు గుర్తొచ్చిందేమిటో చెప్తే నవ్వుతారు. మా వంటింటి గట్టు. తెల్లవారుజామున బొకే కట్టి, చీర మార్చుకుని వచ్చేదాకా రెండు గంటలు దాన్ని ఆ గట్టు మీదే ఉంచాను. దాని పక్కనే పండగకి మిగిలిన అరిసెల డబ్బా ఉంది. డబ్బా కింద పళ్లెం, పళ్లెంలో నీళ్లు. చీమలెక్కకుండా. ఆ పళ్లెంలో ఎండిన నీళ్లు పొద్దున్నే మళ్లీ నింపింది నేనే, బొకేని కాస్త పక్కకి జరిపి మరీ.

పాట అయిపోయింది. ముఖ్య అతిథి బొకే కిందపడేయలేదు, విసిరేయలేదు. మహానుభావుడు. నా వైపు చూసి, "పూలు చాలా సజీవంగా ఉన్నాయమ్మా" అన్నారు. దాన్ని రెండు చేతులతో కార్యదర్శిగారికి అందించి, కుళాయి ఉన్న వైపు గబగబా నడిచారు. నేను "అయ్యో, ఆగండి!" అన్నాను. కార్యదర్శిగారు వినిపించుకుంటేనా! అంత మంచి బొకే నేల మీద పెట్టడం దేనికని అపురూపంగా ఎత్తి పట్టుకెళ్లి బూందీ పొట్లాల బల్ల మీద పెట్టారు. పిల్లలు అప్పటికే లైను కట్టేశారు.