రాయి కింద ఏముందో చూడనివ్వండి

ఆరేళ్ల పాప రెండు చేతులూ పెట్టి ఒక రాయిని లేపడానికి తంటాలు పడుతోంది. చిన్న రాయే గానీ సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. వెనకాల ఇద్దరం నిలబడ్డాం. ఒకరు వాళ్లమ్మ. ఇంకొకరు, పిల్లలతో ఆరుబయట గడపడానికి ఆ ఉదయం వాలంటీరుగా వెళ్లిన నేను. ‘‘వద్దు తల్లీ, కింద ఏముంటుందో ఏమో’’ అంటోంది వాళ్లమ్మ. పాప వినిపించుకోలేదు. రాయి లేచింది. కింద ఒక రోకలిబండ వెలుగు తగలగానే చుట్ట చుట్టుకుంది. దాని పక్కన చీమలు తెల్లటి గింజల్లాంటివి నోట కరచుకుని ఎటు పడితే అటు పరుగెడుతున్నాయి. మనం వాటిని గుడ్లంటాం గానీ, అంత పెద్దగా కనిపించేవి గుడ్లు కావు, చీమగా మారబోతున్న ప్యూపాలు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. పాప అప్పటికే గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఎందుకో ఆగిపోయాను.

పది నిమిషాలు గడిచాయి. రోకలిబండ మెల్లగా విప్పుకుని నడక మొదలుపెట్టింది. వాళ్లమ్మ ఎప్పుడు వచ్చి పక్కన కూర్చుందో గమనించలేదు. ‘‘దీనికి ఎన్ని కాళ్లే?’’ అని ఆవిడే అడిగింది. పాప లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాకా వచ్చి, తప్పిపోయి, మళ్లీ ఒకటి నుంచి అందుకుంది.

ప్యూపాల సంగతి రెండు వారాల తర్వాత ఆ పాపే అడిగితే చెప్పాను. చెప్పడానికి అదే సరైన సమయమని ఇప్పుడు అనిపిస్తుంది.

పిల్లలకు, కుటుంబాలకు ప్రకృతిని పరిచయం చేసే స్వచ్ఛంద సేవ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా కార్యక్రమాల గురించే మాట్లాడతాం. ఎన్ని ఆటలు ఆడించాం, ఎన్ని చెట్ల పేర్లు నేర్పించాం, ఎంతమంది వచ్చారు అని. ఈ సేవలో అసలు సరుకు తీరిక అని నా అభిప్రాయం. పిల్లలకు మట్టి మీద ఆసక్తి ఒకరు నేర్పాల్సిన పని లేదు. తొందర లేని పెద్దవాళ్లే వాళ్లకు దొరకడం లేదు. కాబట్టి వాలంటీరు పని సగం పిల్లలతో, మిగతా సగం వాళ్లను తీసుకొచ్చిన అమ్మానాన్నలతో.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. డెన్మార్క్‌లో సోరెన్సెన్ అనే ఉద్యాన రూపశిల్పి తాను ఎంతో శ్రద్ధగా గీసిన ఆటస్థలాలకంటే, ఇళ్లు కడుతున్న చోట పడి ఉన్న చెత్తాచెదారంతోనే పిల్లలు ఎక్కువ సంబరంగా ఆడుకోవడం గమనించాడు. జర్మన్ ఆక్రమణలో ఉన్న కోపెన్‌హేగన్ శివారు ఎమ్‌డ్రప్‌లో 1943లో ఆయన ఊహించినట్టే ఒక స్థలం తెరిచారు. అక్కడ జారుడుబల్లలూ ఉయ్యాలలూ కాకుండా చెక్కలు, ఇటుకలు, పనిముట్లు, మట్టి పెట్టారు. వాటితోపాటు పిల్లలకు అందుబాటులో ఉంటూ, వాళ్ల ఆటను తన చేతుల్లోకి తీసుకోని ఒక పెద్దమనిషిని కూడా పెట్టారు. యుద్ధం ముగిశాక 1946లో దాన్ని చూసిన బ్రిటిష్ ఉద్యాన రూపశిల్పి లేడీ అలెన్ తన దేశానికి ఆ పద్ధతిని తీసుకెళ్లింది. బాంబులు పడి ఖాళీ అయిన స్థలాలు పిల్లల ఆటస్థలాలయ్యాయి. ఆ కథ చదివినప్పుడల్లా నా చూపు చెక్కలూ ఇటుకల మీద కాక ఆ మనిషి మీదే నిలుస్తుంది. అన్నీ తెలిసి పక్కన కూర్చోవడం ఎంత కష్టమైన పనో చేసినవాళ్లకే తెలుస్తుంది.

స్వీడన్ అనుభవం మన విషయానికి ఇంకా దగ్గర. జనాన్ని ఆరుబయటికి నడిపించడానికి 1892లోనే పుట్టిన సంఘం అక్కడ ఉంది. అందులో పనిచేసిన యోస్టా ఫ్రోమ్ 1957లో చిన్నపిల్లల కోసం ‘స్కూగ్స్‌ముల్లే’ అనే పాత్రను సృష్టించాడు. ‘స్కూగ్’ అంటే అడవి. ‘ముల్లే’ అనే పేరు మట్టిని సూచించే మాట నుంచి వచ్చింది. ఆ మట్టి మనిషి కథలు వింటూ పిల్లలు అడవిలో నడుస్తారు, ఆడతారు, చెత్త కనిపిస్తే ఏరతారు. దశాబ్దాలుగా ఈ బృందాలను నడిపించింది ఎక్కువగా వాలంటీర్లే. అందరూ జీవశాస్త్రం చదువుకున్నవాళ్లు కాదు, కొద్దిపాటి శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు. వారంలో అదే రోజు, అదే చోటు, అదే మనిషి. ఆ నిలకడే అన్నాళ్లు నిలబెట్టిందని నాకు అనిపిస్తుంది.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం 11 నుంచి 17 ఏళ్లవాళ్లలో ఆ మాత్రం కదలనివాళ్లు 81 శాతం. ఇక కళ్ల సంగతి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులను తీసుకుని, సగం బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా పిల్లల్ని బయటికి పంపారు. మూడేళ్లలో ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం, వచ్చింది. 2015లో ఫలితాలు వెలువడ్డాయి. ఆరుబయటి వెలుతురు తగిలితే కంటి వెనక పొర రెటీనాలో డోపమిన్ అనే రసాయనం పెరిగి, కనుగుడ్డు అవసరానికి మించి సాగకుండా అడ్డుకుంటుందని పరిశోధకుల అంచనా. 2020లో ఫిన్లాండ్ పరిశోధకులు ఇంకో పని చేశారు. శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణలో అడవి నేలను, పచ్చికను తెచ్చి పరిచారు. 28 రోజుల్లోనే 3 నుంచి 5 ఏళ్ల పిల్లల చర్మం మీద సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన కొన్ని సూచికలూ మెరుగుపడ్డాయి. అది చిన్న అధ్యయనం, పాల్గొన్నది 75 మంది పిల్లలే. కాబట్టి మట్టి సర్వరోగ నివారిణి అని వాలంటీర్లు ప్రచారం చేయకూడదు. ‘మీ పిల్లలకు మార్కులు పెరుగుతాయి’ అని ఆశ చూపి పిలవడం కూడా నాకు నచ్చదు. అలా పిలిస్తే అమ్మానాన్నలు దాన్నీ ఒక ట్యూషన్ లెక్కనే చూస్తారు.

అసలు పేచీ భయం దగ్గర వస్తుంది. పెద్దల భయాన్ని తేలిగ్గా కొట్టిపారేసే వాలంటీర్లంటే నాకు గౌరవం లేదు. పిల్ల పడితే రాత్రంతా మేలుకునేది వాళ్లే. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో పిల్లలు కోరి వెతుక్కునే సాహసపు ఆటలను ఆరు రకాలుగా చూపించింది. ఎత్తులు ఎక్కడం, వేగం, ప్రమాదకరమైన పనిముట్లు వాడటం, నీళ్లూ నిప్పూ లాంటి వాటి దగ్గర ఆడటం, కలబడి కుస్తీ పట్టడం, పెద్దల కంటపడకుండా తప్పిపోయేంత దూరం వెళ్లడం. చిన్నప్పుడు ఇందులో ఒక్కటీ చేయని పెద్దవాళ్లు ఎందరుంటారు?

ఇక్కడ తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. పిల్లకు కనిపించే సవాలు వేరు, కనిపించని ముప్పు వేరు. చెట్టు ఎంత ఎత్తుందో పిల్లకు తెలుస్తుంది. ఎక్కాలా వద్దా అని తనే తేల్చుకోగలదు. గడ్డిలో దాక్కున్న గాజుపెంకు, ఎండిపోయి పైకి గట్టిగా కనిపించే కొమ్మ, తాకితే దద్దుర్లు తెప్పించే మొక్క, లోతు తెలియని నీళ్లు పిల్ల అంచనాకు అందవు. వాలంటీరు అరగంట ముందే వచ్చి ఆ స్థలమంతా ఒకసారి కాలినడకన చూడాల్సింది ఇందుకే. రోకలిబండను చూడొచ్చు. చేత్తో పట్టుకుంటే కొన్నిటి ఒంట్లోంచి మంట పుట్టించే రసం వస్తుంది, కాబట్టి చెయ్యి కంటికి పోకముందే కడుక్కోవాలి. ఈ మాత్రం తెలిసి ఉంటే ‘ముట్టుకోకు’ అన్న మాట రోజుకు పదిసార్లు తగ్గుతుంది.

‘జాగ్రత్త’ అన్న మాట కూడా ఒకటి ఉంది. ప్రేమతోనే అంటాం. దేని గురించి జాగ్రత్తపడాలో మాత్రం అందులో ఉండదు. కొమ్మ మీద ఉన్న పిల్లాడికి కింది నుంచి ఆ కేక వినబడితే అడుగు మీద ఉన్న చూపు తిప్పి అరిచినవాళ్ల వైపు చూస్తాడు. అదే ‘‘కుడికాలు పెట్టిన కొమ్మ ఊగుతోంది నాన్నా, ఇంకోటి చూసుకో’’ అంటే వాడికి పనికొచ్చే సమాచారం అందుతుంది. నేను పాటించే నియమం ఇంకొకటి ఉంది. పిల్లల్ని చెట్టు మీదికి నేనెప్పుడూ ఎత్తను. తనంతట తాను ఎక్కినంత ఎత్తు నుంచి దిగడానికి దారి చాలాసార్లు పిల్లకే తెలుస్తుంది. మనం ఎత్తి కూర్చోబెట్టిన చోటు నుంచి దిగడం చేతకాక ఏడుస్తుంది. కొందరు నాన్నలకు ఇది చెప్పడానికి నాకు చాలా ఓపిక పట్టింది. పిల్లాడు ‘ఎత్తవా’ అని చేతులు చాస్తే ఆగడం మాటలా మరి!

ఒక విషయంలో మాత్రం పట్టువిడుపులు ఉండకూడదు. పిల్లల దగ్గరికి వచ్చే ప్రతి వాలంటీరు పూర్వాపరాలు సంస్థ తెలుసుకోవాలి. ఏ పెద్దమనిషీ ఒక పిల్లతో ఒంటరిగా కనుమరుగవకూడదు. ఎంత తెలిసిన మనిషైనా, ఎంత పెద్ద పేరున్నా సరే. పిల్లల ఫొటోలు ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. ఇలాంటి నియమాలను అవమానంగా భావించే వాలంటీరును సున్నితంగా ఇంటికి పంపడమే మంచిది.

ఇక రానివాళ్ల సంగతి. ఇలాంటి కార్యక్రమాలకు ముందుగా వచ్చేది ఎవరు? సెలవురోజు ఖాళీగా ఉండేవాళ్లు, బండి ఉన్నవాళ్లు, పిల్లల బట్టలు మట్టయితే మార్చడానికి ఇంకో జత ఉన్నవాళ్లు. వాళ్లు రాకూడదని కాదు, వాళ్లే వస్తే చాలదు. సెలవురోజే ఎక్కువ పనిచేయాల్సిన తల్లి, చక్రాల కుర్చీలో ఉన్న పిల్లాడు, పెద్ద శబ్దం వింటే చెవులు మూసుకునే పాప మన జాబితాలోకి ఎలా వస్తారు? దూరంగా ఉన్న అడవికి తీసుకెళ్లాలన్న మోజును కాస్త పక్కన పెట్టడం దీనికి మొదటి మెట్టు. ఇంటికి నడిచి వెళ్లగలిగే దూరంలో నాలుగు చెట్లూ కాస్త మట్టీ ఉన్న చోటు చాలు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లాడికి నేల అందకపోతే ఒక పళ్లెంలో తడిమట్టి, ఆకులు, నత్తగుల్లలు వేసి ఒళ్లో పెడితే అతనూ ఆటలోకి వస్తాడు. బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో చెప్పింది ఇదే. ఒక చోట విడిగా కదిలించగల, కలపగల వస్తువులు ఎన్ని ఎక్కువ ఉంటే అక్కడ పిల్లల కల్పనకు అంత చోటు దొరుకుతుందని ఆయన వాదన. పుల్లలు, గులకరాళ్లు, గింజలు, నీళ్లు ఉంటే చాలు. వీటికి ఖర్చేమీ లేదు.

మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లడం విసుగనిపించవచ్చు. పిల్లలకు మాత్రం అదే కావాలి. పోయిన వారం ఎత్తిన రాయి కింద ఈ వారం ఏముందో చూడాలన్న ఆత్రం కొత్త చోట్ల పుట్టదు. ఎత్తిన రాయిని ఎలా ఉన్నదాన్ని అలా మెల్లగా పెట్టేయాలన్న సంగతి కూడా అక్కడే ఒంటబడుతుంది. అది ఒకరి ఇంటి పైకప్పు. 1990ల్లో లూయీజ్ చావ్లా అనే పరిశోధకురాలు నార్వేలో, అమెరికాలోని కెంటకీలో పర్యావరణం కోసం పనిచేస్తున్నవాళ్లను మీకు ఈ శ్రద్ధ ఎక్కడ మొదలైందని అడిగింది. ఎక్కువగా వినిపించిన జవాబుల్లో రెండు ఇవి: చిన్నప్పుడు ప్రకృతిలో తిరిగిన చోట్లు, ఇంట్లో ఒక పెద్దమనిషి. అందుకే ఒక కుటుంబంతో మన పని ఎప్పుడు పూర్తయిందని అడిగితే, వాళ్లు మన పిలుపు కోసం చూడకుండా ఇంకో రోజు తమంతట తాము అక్కడికి వచ్చినప్పుడు అంటాను. హాజరు పట్టికలో ఆ రోజు కనిపించదు.

వాలంటీర్లతో అన్నీ జరిగిపోతాయని నేను అనడం లేదు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. దానికి వివరణగా ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2013లో వెలువరించిన 17వ సాధారణ వ్యాఖ్య, పిల్లలకు ప్రకృతి అందుబాటులో ఉండటం గురించి కూడా మాట్లాడింది. హక్కు అన్నాక బాధ్యత ప్రభుత్వాలది. చెట్లున్న ఖాళీ స్థలానికి తాళం పడితే దాన్ని తెరిపించే అధికారం సెలవురోజు వచ్చే వాలంటీరుకు లేదు. అయితే ఆ స్థలంలో ఎందరు పిల్లలు ఆడేవాళ్లో, ఏ చెట్టు కింద కూర్చునేవాళ్లో, తాళం పడ్డాక ఎటు పోయారో అందరికంటే బాగా తెలిసింది ఆ వాలంటీరుకే. ఆ సంగతులు రాసి పెట్టుకుని, నిర్ణయాలు చేసేవాళ్ల ముందు నోరు విప్పాలి. పిల్లల దగ్గర తగ్గించుకున్న మాటలు అక్కడ ఖర్చుపెట్టాలి.

ఈ పనిలోకి కొత్తగా వద్దామనుకునేవాళ్లు చెట్ల పేర్లు తెలియవని వెనకాడకండి. ‘‘నాకూ తెలియదు, చూద్దాం పద’’ అనగలిగితే చాలు. మొదటి నెల ఇంకొకరి పక్కన కూర్చుని చూడండి. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే అంతే ఒప్పుకోండి, ఒప్పుకున్నాక మాత్రం మానకండి, పిల్లలు ఎదురుచూస్తారు. వాన పడుతోందని ఆ పూట రద్దు చేయకండి. ఉరుము వినబడితే, ఈదురుగాలి లేస్తే ఆలోచించకుండా పిల్లల్ని పక్కా భవనంలోకి తీసుకెళ్లండి. ఉత్త జల్లు అయితే అందరినీ పాత బట్టలు వేసుకుని రమ్మనండి. నత్తలు బయటికి వచ్చేది అప్పుడే.