పదవుల అంగడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రిటిష్ సైనిక పదవుల క్రయవిక్రయ పద్ధతి గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఏడాది క్రితం ఉద్యోగంలో చేరిన యజమాని గారి అల్లుడు నిన్న మా పై అధికారిగా అవతరించి, ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్నవారిని మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, అనుభవం విలువను గురించి ఉపదేశించారు. ఆ ఉపన్యాసం సాగుతున్నంతసేపూ తమరే గుర్తుకు వచ్చారు. తమరు 1871లోనే కాలం చేశారని తెలుసు. సంతానం క్షేమంగా ఉంది కనుక ఉత్తరం చేరుతుందని నమ్మకం.

తమ ధరల పట్టిక ముచ్చటైనది. అశ్వికదళంలో అట్టడుగు అధికారి పదవి 840 పౌండ్లు, లెఫ్టినెంట్ కల్నల్ పదవి 6,175 పౌండ్లు. ఇది కాగితం మీది ధర. బల్ల కింది ధర వేరు. తమ ఖాతాదారుల్లో అగ్రగణ్యుడైన జేమ్స్ బ్రూడెనెల్ గారు, అంటే ఏడవ ఎర్ల్ ఆఫ్ కార్డిగన్, 1824లో ఇరవై ఆరేళ్ల వయసులో సైన్యంలో చేరి, 1830 ముగిసేలోగా లెఫ్టినెంట్ కల్నల్ అయ్యారు. కింది కెప్టెన్‌పై ఆయన మోపిన అభియోగాలు సైనిక న్యాయస్థానంలో వీగిపోవడంతో 1834లో 15వ హుస్సార్లనే అశ్వికదళం ఆధిపత్యం ఊడింది. ఊడితేనేం, తమ అంగడి తెరిచే ఉంది కదా! 1836లో 11వ లైట్ డ్రాగూన్లనే మరో అశ్వికదళం చేతికి వచ్చింది. అందుకు 40,000 పౌండ్లు పోశారని లోకం చెప్పుకుంది.

నాకు మింగుడుపడనిది ఇక్కడే ఉంది. ఆ దళం 1819 నుంచి ఇండియాలో ఉంది. భరత్‌పూర్ కోట ముట్టడిలో పోరాడింది. 1837లో కాన్పూరుకు వచ్చిన కొత్త అధిపతి దళంతో గడిపింది కొద్ది వారాలే. పులివేటకు మాత్రం తీరిక దొరికింది. ఆ తరువాత, ఇంగ్లండ్‌లో, ఈ ఎండల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవారిని ‘ఇండియా అధికారులు’ అని ఈసడించుకున్నారు. వారు తాగే నల్ల బీరు భోజనశాలలో కనబడరాదన్నారు. 1840లో అతిథి కోసం, ఆ బీరు సీసాలాగే కనిపించే నల్ల సీసాలో ద్రాక్షసారా తెప్పించిన పాపానికి కెప్టెన్ జాన్ రెనాల్డ్స్‌ను నిర్బంధంలో ఉంచారు. ఆ ఏడే మాజీ అధికారి హార్వీ టకెట్‌ను ద్వంద్వయుద్ధంలో పిస్తోలుతో గాయపరిచారు. గాయపడినవాడి పూర్తి పేరు రుజువు కాలేదన్న సాకుతో పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ ఆయనను నిర్దోషిగా వదిలేసింది. యుద్ధం చూసినవాడు చేతులు కట్టుకొని నిలబడాలట, డబ్బు చూసినవాడు ఆజ్ఞ ఇవ్వాలట! సిగ్గు లేదా తమకు?

ఒకటి ఒప్పుకోక తప్పదు. 1854 అక్టోబరు 25న, క్రిమియా యుద్ధంలో, బాలక్లావా దగ్గర, ఆజ్ఞ పొరపాటని తెలిసి కూడా, కార్డిగన్ గారు దాదాపు 670 మంది రౌతులకు ముందు నిలిచి, వెనక్కి చూడకుండా రష్యన్ ఫిరంగుల మీదికి గుర్రాన్ని నడిపారు. ఆ ధైర్యం మాత్రం తమ అంగడిలో కొన్నది కాదు. కాని ఆ రాత్రి ఆయన నిద్రించింది రేవులో ఉన్న సొంత విహారనౌకలో. మిగిలిన రౌతులు పడుకున్నది నేలమీద.

చివరికి 1871లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం రాణి ఉత్తర్వుతో తమ ఊపిరి తీసింది. తమ రద్దు బిల్లును అడ్డగించిన ప్రభువుల సభ అప్పుడు దానిని ఆమోదించింది, ఎందుకంటే అధికారులకు నష్టపరిహారం ఇచ్చే నిబంధన అందులోనే ఉంది. చట్టవిరుద్ధంగా బల్ల కింద చెల్లించిన పైసొమ్ము కూడా ఖజానా నుంచే తిరిగి ఇచ్చారు.