రెండు వారాల్లో మారేది పాస్‌పోర్టు మీది ముద్రే

"రెండు వారాలు విదేశంలో సేవ చేయండి, మీ జీవితమే మారిపోతుంది. అనుభవం అక్కర్లేదు, ప్రేమ చాలు. ఏమీ లేకపోయినా నవ్వే ఆ పిల్లలు మీకు తృప్తి అంటే ఏమిటో నేర్పుతారు." ఈ సందేశం మా అమలాపురం చుట్టాల వాట్సాప్‌లో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. కింద ప్యాకేజీ ధర కూడా ఉంది. నేను మడగాస్కర్‌లో ఎనిమిది నెలలు సేవ చేసి వచ్చినవాణ్ని కాబట్టి, "మావయ్యా, వెళ్లనా?" అని మేనకోడలు అడిగింది. జీవితం మారుతుందన్న మాట నిజమే. తక్కినదానితోనే నాకు పేచీ.

మొదట ఆ రెండు వారాల సంగతి. అంత్సిరాబే దగ్గర పల్లెలో మొదటి పక్షం రోజుల్లో నేను సాధించినవి రెండు: పదిదాకా అంకెలు, కడుపునొప్పి. తరాల కిందట గుజరాత్ నుంచి వెళ్లి స్థిరపడిన వ్యాపారులను అక్కడ 'కరానా' అంటారు. నేనూ ఆ బాపతే అనుకుని ఒక ముసలామె గుడ్డల ధర అడిగింది. సేవకు వచ్చానని చెప్పడానికి నాకు భాష రాలేదు. వచ్చాక చెబితే ఆమె నమ్మలేదు.

మన రాష్ట్రంలో 2003 ఖరీఫ్‌లో జిల్లా జిల్లాలో ప్రయత్నించిన 'శ్రీ' వరి సాగు పద్ధతికి పుట్టిల్లు మడగాస్కరే. 1961లో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి మతాచార్యుడు ఆన్రీ ద లోలానియే, రైతుల చేలు చూసి చూసి, లేత నారును ఒక్కొక్క మొక్కగా ఎడంగా నాటే ఆ పద్ధతికి రూపం ఇచ్చేసరికి 1983 దాటింది. ఇరవై రెండేళ్లు పట్టింది, రెండు వారాలు కాదు.

అనుభవం అక్కర్లేదట! 1970లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం అంతర్జాతీయ నిపుణులుగా పంపేది 27 ఏళ్లు నిండి, పని తెలిసినవారిని. వారికి జీవనభత్యం ఇస్తుంది, ప్యాకేజీ అమ్మదు. ప్రేమ చాలంటూ అనాథాశ్రమాలకు తోలడం మరీ ఘోరం. కంబోడియా, నేపాల్‌లలో కన్నవాళ్లున్న పిల్లలను కూడా ఆశ్రమాల్లో చేర్చి విదేశీయులకు చూపించిన ఉదంతాలు బయటపడ్డాయి. పక్షానికొక కొత్త అక్క వచ్చి ఎత్తుకుని మాయమైపోతుంటే ఆ పిల్ల ఏమవుతుందో మన అంగన్‌వాడీ ఆయాను అడిగినా చెబుతుంది.

ఇక ఆ నవ్వు. నాకు చిర్రెత్తేది ఇక్కడే.

నేను తిన్న ఇంట్లో అన్నం వార్చాక అడుగంటిన మాడులో నీళ్లు పోసి మరిగించి ఇచ్చేవారు. దాన్ని రనోవోలా అంటారు. మా నాయనమ్మ తరవాణి కుండ గుర్తొచ్చేది. జనవరి వచ్చేసరికి అన్నం తగ్గి కర్రపెండలం పెరిగింది, మాడు నీళ్ల రంగు వెలిసిపోయింది. అయినా వడ్డించేటప్పుడు ఇంటావిడ నవ్వేది. ఇంటికొచ్చినవాడి ముందు ముఖం ముడుచుకోరు కదా! అది మర్యాద. దాన్ని తృప్తి అనుకుని ఫొటో తీసుకుని వెళ్లడానికే రెండు వారాలు చాలేది.

వరి పండించే ఇంట్లో బియ్యం ఎందుకు లేవని అడిగాను. కోతలప్పుడు అప్పుల కోసం చవకగా అమ్మేశారు, ఇప్పుడు ప్రియంగా కొంటున్నారు. పాపం అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర గురించి గంటల తరబడి మాట్లాడినవాణ్ని నేను. మా రెండెకరాలు కౌలుకు చేసే ఆయన ఏ నెల నుంచి బియ్యం కొనుక్కుంటాడో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

తిరిగొచ్చాక అడిగాను. "సార్వా ధాన్యం కళ్లంలోనే అప్పు కింద పోతుందండి. మీ కౌలు బస్తాలు కొలిచాక మిగిలినవి సంక్రాంతి దాకా వస్తాయి. ఆ తరవాత రేషను బియ్యం, చాలకపోతే కొట్లో కొనడమే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ ఏడాది కౌలులో రెండు బస్తాలు తగ్గించాను. దాని మీద మా అన్నయ్యతో గొడవ ఇంకా తెగలేదు.