ఏనుగు గొడ్డలట, ఎవరికి చెప్పుకోవాలి!

పొద్దున్నే మా చుట్టాల గ్రూపులో మొదలైంది. మా బావ నాగావళి ఇసుకలో ఏరిన నున్నటి రాయిని అరచేతిలో పెట్టుకుని ఫొటో తీసి, "ఆదిమానవుడు చెక్కిన ఏనుగు గొడ్డలి, ఐదు లక్షల ఏళ్లు" అని పెట్టాడు. కింద దండాలే దండాలు. తొండమేది బావా అంటే ఎర్రగీత గీసి మరీ చూపించాడు! గీత గీస్తే మా వీధి గోతిలో కూడా సింహం కనబడుతుంది.

ఏటండీ ఇది? ఏట్లో అంత దూరం దొర్లుకుంటూ వచ్చిన రాయి నున్నబడక ఏమవుతుంది? చెక్కిన పనిముట్టుకి ఒక లెక్కుంటుంది. దెబ్బ పడ్డచోట పెచ్చు లేచిపోయి చిన్న పల్లం మిగులుతుంది. పిడి లేకుండా చేత్తోనే పట్టుకునే రాతి చేతిగొడ్డలికైతే ఆ పల్లాలు రెండు ముఖాలా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, రెండూ కలిసేచోట పదును వస్తుంది. కొత్త రాతియుగంలో నున్నటి గొడ్డళ్లు లేవా అని బావ ఎదురు ప్రశ్న. ఉన్నాయి మహానుభావా, వాటికీ అరగదీసిన అంచుంటుంది. నీ ఏనుగుకి వంకాయ కూడా తెగదు.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి చేతిగొడ్డలి దొరికింది. ఇది మనిషి చెక్కిందని గుర్తుపట్టాడు గానీ, నందా నెమలా అని తిప్పితిప్పి చూస్తూ కూర్చోలేదు. ఫ్రాన్సులో బూషే ద పెర్త్ అని ఇంకొకాయన. అబ్‌విల్‌లో ఆయన సేకరించిన గొడ్డళ్లు నిజమైనవేనని 1859లో ఇంగ్లండు నుంచి పండితులొచ్చి ఒప్పుకున్నారు. అదే మనిషి చెకుముకి రాళ్లలో జంతువుల బొమ్మలు కూడా చూశాడు. వాటిని మాత్రం పక్కన పడేశారు. ఇదంతా టైపు చేసి పెడితే బావ సమాధానం: "చూశావా, ఫ్రాన్సాయనకీ కనబడ్డాయి!"

అసలు నా మంట అది కాదు. ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో బృహత్ శిలాయుగపు సమాధి ఉంది. రాళ్ల మీద బల్లలా పరిచిన అంత పెద్ద బండ, నిజంగా మనుషులు మోసి నిలబెట్టింది. పోయిన సంక్రాంతికి ఆ దారినే వెళ్తూ కాసేపు కారాపండర్రా అని బతిమాలాను. "బండరాయికేం చూస్తాం, అక్కడ భోజనాలు చల్లారిపోతాయి" అన్నది ఎవరనుకున్నారు? ఈ ఏనుగు పరిశోధకుడే! వెనక సీట్లో అందరూ ఒకటే నవ్వు. నేను తీసుకెళ్లిన గొడుగు మీద కూడా జోకులేశారు.

ఇప్పుడా గులకరాయిని మ్యూజియంకి ఇస్తాడట. అర్జీ నేను రాసిపెట్టాలట, నా తెలుగు బాగుంటుందట. రాయను. అక్క చేత ఫోన్ చేయించినా రాయను.