శాంతి పని పిల్లలకు, నిర్ణయాలు పెద్దలకా?

రువాండాలోని న్యాంగే అనే ఊళ్లో 1994 ఏప్రిల్‌లో హుటు తెగ అతివాదులు తుట్సీ తెగవారిని ఊచకోత కోస్తున్న రోజుల్లో, చర్చిలో తలదాచుకున్న తుట్సీల మీదికి బుల్డోజర్ నడిపించి, గోడలూ పైకప్పూ కూల్చేశారు. సుమారు 1,500 మంది ఆ శిథిలాల కింద నలిగి చనిపోయారు. ఆ నేరంలో పాలుపంచుకున్నందుకు ఆ చర్చి ఫాదరీకే, రువాండా నేరాల విచారణకు ఐక్యరాజ్య సమితి పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునల్ యావజ్జీవ శిక్ష వేసింది. మూడేళ్లు తిరగకముందే, 1997 మార్చి 18 రాత్రి, అదే ఊరి హైస్కూల్లోకి సాయుధులు జొరబడ్డారు. హుటులు ఒకవైపు, తుట్సీలు ఒకవైపు నిలబడండని గద్దించారు. ఏ ఒక్కరూ కదల్లేదు. మేమంతా రువాండా వాళ్లమేనన్నారు పిల్లలు. ఆ మాటకు వాళ్ల మీద తూటాలు కురిశాయి, గ్రెనేడ్లు పడ్డాయి. కొందరు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. ఆ విద్యార్థులను రువాండా తన జాతీయ వీరుల్లో చేర్చుకుంది.

వయసులో ఉన్నవాళ్లంతా సహజంగానే శాంతికాముకులని మేము చెప్పబోవడం లేదు. 1994లో ఇంటింటికీ కత్తులు పట్టుకుని తిరిగిన ఇంటెరాహంవే మూక మొదలైంది అధికార పార్టీ యువజన విభాగంగానే. తుట్సీలను రేడియోలో రోజూ బొద్దింకలని తిట్టించి, ఎవరు ఏ తెగో గుర్తింపు కార్డు మీదే రాసిపెట్టి, వాళ్లను చంపడం దేశసేవేనని నూరిపోశారు. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మందికి పైగా హతమయ్యారని అంచనా. యువత చేతుల్లో ఏం పెట్టాలో, చెవుల్లో ఏం పోయాలో నిర్ణయించింది పెద్దలే. అందుకే ఇవాళ శాంతి బాధ్యత యువతదేనని వేదికలెక్కి చెప్పే నాయకులు ముందు తమ వంతు సంగతి చెప్పాలి.

యువత తన వంతు చేస్తూనే ఉంది. అమ్మానాన్నలను, తోబుట్టువులను పోగొట్టుకుని బుటారే విశ్వవిద్యాలయానికి చేరిన విద్యార్థులు 1996లో ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు ఏఈఆర్‌జీ. అందులో వాళ్లు చేసిన ముఖ్యమైన పని కుటుంబాలు కట్టుకోవడం. తమలోనే ఒకరిని నాన్నగా, ఒకరిని అమ్మగా ఎన్నుకుంటారు, మిగతావాళ్లు పిల్లలు. ఆ నాన్న వయసు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటుంది. జ్వరమొస్తే పక్కన కూర్చునేది, మార్కులు తగ్గితే కోప్పడేది, పట్టా అందుకునే రోజు వచ్చి చప్పట్లు కొట్టేది అతనే. ఈ ఆలోచన ఏ మంత్రిత్వ శాఖ నుంచీ రాలేదు. నా అన్నవాళ్లు లేనివాడితో ‘క్షమించు, కలిసి బతుకు’ అంటే ఆ మాట చెవికెక్కదని ఆ పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ తర్వాత ఒంటరిగా మిగిలిన వృద్ధుల ఇళ్లు బాగుచేసే పనీ వాళ్లే నెత్తికెత్తుకున్నారు.

అంతకన్నా కష్టమైన పని ఇంకొకటుంది. గచాచా అనే ఊరి పంచాయతీ కోర్టులు 2012లో మూతపడే నాటికి 19 లక్షలకు పైగా జాతిహనన కేసులు విచారించాయి. చంపినవాడి కొడుకు, చనిపోయినవాడి మనవరాలు ఇప్పుడు ఒకే బడికి వెళ్తున్నారు. ఒకరిది తాను చేయని నేరానికి తలదించుకునే బతుకు. ఇంకొకరికి ఫొటోలో కూడా చూడని తాతయ్య కోసం బెంగ. ఇంట్లో అడిగితే పెద్దలు మాట దాటేస్తారు. అడగలేనిదంతా పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేలా యువజన బృందాలు సమావేశాలు నడుపుతున్నాయి. ఇది ఒక్క పూట సదస్సుతో తేలే వ్యవహారం కాదు, ఏళ్లు పడుతుంది.

బోస్నియా అనుభవం ఇంకో పాఠం. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో 8 వేల మందికి పైగా బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) పురుషులను, అబ్బాయిలను చంపిన ఆ దేశంలో, యుద్ధం ముగిసి ఇన్నేళ్లయినా కొన్నిచోట్ల ఒకే బడిలో క్రొయేట్ పిల్లలకు ఒక సిలబస్, బోస్నియాక్ పిల్లలకు ఇంకొకటి. యాయిత్సే పట్టణంలోనూ ఉన్నత పాఠశాల విద్యార్థులను అలాగే విడదీయాలని అధికారులు తలపెడితే, రెండు వర్గాల పిల్లలూ కలిసి వీధికెక్కారు. 2017లో ఆ ప్రతిపాదన ఆగిపోయింది. పిల్లలు కలిసుంటామంటే, విడదీయడానికి పట్టుబట్టింది పాలకులు!

యువతకు శాంతి ప్రక్రియల్లో చోటివ్వాలని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2015లోనే 2250వ తీర్మానం చేసింది. చోటంటే ఫొటోలో చోటు కాదు. పాఠ్యపుస్తకంలో ఏముండాలో, నిధులు ఎక్కడికి వెళ్లాలో తేల్చే బల్ల దగ్గర కుర్చీ ఇవ్వాలి. ప్రశ్నించే స్వేచ్ఛా ఇవ్వాలి. జాతిహననం జరగనే లేదనేవారిని అడ్డుకునే చట్టం రువాండాకు అవసరమే. కానీ ప్రభుత్వాన్ని తప్పుపట్టేవారి మీదా అది ప్రయోగిస్తున్నారని మానవ హక్కుల సంఘాలు ఏళ్లుగా చెబుతున్నాయి. ఆ రోజుల్లో, జాతిహననాన్ని ఆపి అధికారంలోకి వచ్చిన ఆర్‌పీఎఫ్ సేనల చేతిలో తమవాళ్లను పోగొట్టుకున్న హుటు కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల ఏడుపు విన్నంత మాత్రాన తుట్సీల జాతిహననం తక్కువైపోదు. వాళ్లను నోరెత్తనివ్వకపోతే మాత్రం ఆ ఏడుపే చాటుమాటు కథలై, రేపటి పగకు మేత అవుతుంది.

రువాండాలో దీర్ఘకాల శిక్షలు పూర్తిచేసుకున్న దోషులు ఇప్పుడు జైళ్ల నుంచి సొంత ఊళ్లకు వస్తున్నారు. బాధితుల ఇళ్లు ఆ వీధుల్లోనే ఉన్నాయి. వాళ్లు ఎదురెదురు పడేలోపు ఊరూరా శిక్షణ పొందిన యువ సలహాదారులుండాలి, వాళ్లకు జీతాలుండాలి, కొన్నేళ్లపాటు ఆగని నిధులుండాలి. రువాండా ప్రభుత్వమూ సాయం చేసే దేశాలూ ఈ ఏడాది బడ్జెట్‌లోనే ఆ డబ్బు పక్కన పెట్టాలి.