ఐదు శాతం క్యాష్‌బ్యాకా, అమెరికా టికెట్టా: వదినా మరిదుల వాదన

రివార్డ్ కార్డు, అంటే ఖర్చుకి పాయింట్లో క్యాష్‌బ్యాకో తిరిగిచ్చే క్రెడిట్ కార్డు, ఎలాంటిది తీసుకోవాలన్న గొడవ ఇప్పుడు చాలా తెలుగు ఇళ్లలో నడుస్తోంది. ఇక్కడ వదినది విజయవాడ, కూతురు డల్లాస్‌లో ఉంటోంది. మరిది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పాయింట్ల సంగతులు బాగా తెలిసినవాడు. నేను వదిన పక్షమే, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ మరిది అన్నవాటిలో కొట్టిపారేయలేనివి ఉన్నాయి, అందుకే అవీ అలాగే ఉంచాను.

మరిది: వదినా, మీ ఇంట్లో ఏడాదికి ఐదారు లక్షలు ఖర్చవుతుంది. అంతా డెబిట్ కార్డు మీద, ఫోన్‌పే మీద పోతోంది, తిరిగి ఒక్క రూపాయి రావట్లేదు. పాప డల్లాస్‌లో ఉంది, రెండేళ్లకోసారైనా వెళ్తారు కదా. మంచి ట్రావెల్ కార్డు తీసుకుని పాయింట్లు పోగేసి, ఎయిర్‌లైన్ మైల్స్‌లోకి, అంటే విమాన సంస్థలు టికెట్‌కి తీసుకునే పాయింట్లలోకి, మార్చుకుంటే ఒక టికెట్ ఖర్చు తప్పిపోతుంది.

వదిన: ఐదారు లక్షలు అనేశావు సరే, అందులో పాయింట్లు వచ్చే ఖర్చు ఎంతో చూశావా? ఇన్సూరెన్స్ ప్రీమియాలు, కరెంటు బిల్లు, పెట్రోలు, బాబు కాలేజీ ఫీజు తీసెయ్. చాలా కార్డుల్లో వీటికి పాయింట్లే ఉండవు, ఉన్నా బాగా కోత పెడతారు. మాకు సొంతిల్లు కాబట్టి సరిపోయింది, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకైతే ఆ దారీ మూసుకుపోయింది, 2025 సెప్టెంబరులో ఆర్‌బీఐ నిబంధనలు మారాక పెద్ద యాప్‌లు కార్డుతో అద్దె కట్టే సౌకర్యం ఆపేశాయి. ఇక నాకు మిగిలేది కిరాణా, బట్టలు, మందులు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, టికెట్లు. అన్నీ కలిపి నెలకి పాతిక వేలు.

మరిది: పాతిక వేలంటే ఏడాదికి మూడు లక్షలు, తక్కువేం కాదు.

వదిన: అయితే లెక్క వేద్దాం. 150 రూపాయలకి 4 పాయింట్లు ఇచ్చే కార్డు అనుకో, మూడు లక్షలకి 8,000 పాయింట్లు. వాటిని బ్యాంకు సైట్లోనే విమానం టికెట్‌కి వాడితే పాయింటుకి 50 పైసలు అనుకుందాం, 4,000 రూపాయలు. బిల్లులో తగ్గించుకుంటాను అంటే 20 పైసలే ఇస్తారు అనుకో, 1,600. ఏడాది ఫీజు 2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,950. ఇంత ఖర్చు చేసి, ఇన్ని షరతులు గుర్తుపెట్టుకుని నాకు మిగిలేది వెయ్యి రూపాయలా?

మరిది: మీరు మరీ మామూలు కార్డు పట్టుకున్నారు.

వదిన: సరే, అదే మూడు లక్షలు ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు మీద చూడు. ఆన్‌లైన్ ఖర్చుకి 5 శాతం, బయట 1 శాతం. నాది ఆన్‌లైన్‌లో నెలకి పదిహేను వేలు, బయట పదివేలు. నెలకి 750, ఇంకో వంద. ఏడాదికి పదివేలు దాటుతుంది. ఫీజు 999, జీఎస్టీ అదనం, రెండు లక్షలు వాడితే అదీ మాఫీ. డబ్బు నేరుగా స్టేట్‌మెంట్లో పడుతుంది, ఏ పోర్టల్లోకీ వెళ్లి వెతుక్కోనక్కర్లేదు.

మరిది: క్యాష్‌బ్యాక్ ఏమైనా శాశ్వతమా? అదే కార్డులో నెలకి 10,000 దాకా వచ్చే పరిమితిని 2023 మేలో 5,000కి దించేశారు, ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఉచితంగా కూర్చునే వీలు కూడా తీసేశారు. మీరు పాయింట్ల కార్డులనే తిడుతున్నారు, కోతలు రెండు వైపులా ఉన్నాయి.

వదిన: ఉన్నాయి, కాదనను. కానీ నాకు నెలకి వచ్చేది 850. పరిమితి పదివేలైనా ఐదువేలైనా నాకు తేడా లేదు, పైగా నిన్నటిదాకా వచ్చిన డబ్బు నిన్ననే నా చేతికి వచ్చేసింది, రేపు రూలు మారితే రేపు కార్డు మారుస్తా. పాయింట్ల సంగతి అలా కాదు కదా. మూడేళ్లు పోగేశాక విలువ సగం చేస్తే పోయేది మూడేళ్ల కష్టం.

మరిది: అందుకే పోగెయ్యకూడదు, వచ్చింది వచ్చినట్టు వాడెయ్యాలి. యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు బాగున్న రోజుల్లో నెలకి లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్లు అదనంగా ఇచ్చేవాళ్లు. ఐదు పాయింట్లకి నాలుగు మైల్స్, అంటే ఒక్క నెలలో 20,000 మైల్స్. తెలివిగా వాడుకున్నవాళ్లు జీతం డబ్బుతో ఎప్పటికీ కొనలేని బిజినెస్ క్లాస్ సీట్లలో కూర్చున్నారు. ఏ క్యాష్‌బ్యాక్ కార్డు ఇస్తుంది చెప్పండి?

వదిన: ఏదీ ఇవ్వదు. కానీ 2023 సెప్టెంబరు ఒకటిన ఏమైందో కూడా చెప్పు. ఆ 25,000 తీసేశారు, ఐదుకి నాలుగు కాస్తా ఐదుకి రెండు అయింది, ఫీజు పదివేల నుంచి పన్నెండున్నర వేలకి పెరిగింది. నెలకి లక్ష పెట్టేవాడు అప్పటికే రెండు మూడు ప్రయాణాలు చేసేసి ఉంటాడు, బాగుపడ్డాడు. నాలాంటివాళ్లకి డల్లాస్ టికెట్‌కి సరిపడా పోగవడానికే ఏళ్లు పడుతుంది. ఏడాదికి 8,000 పాయింట్లతో, ఒకటికి ఒకటి మార్చినా, పదుల వేల మైల్స్ ఎప్పటికి చేరతాయి? వచ్చింది వచ్చినట్టు వాడెయ్యమంటావు, నాకొచ్చేది వాడటానికి సరిపోయేంత ఉండదు. నా అసలు అభ్యంతరం అదే.

(ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. కార్డు ప్రకటనలో ఉన్న శాతం కంటే, మన ఖర్చుతో ఒక టికెట్‌కి సరిపడా పాయింట్లు ఎంతకాలంలో చేరతాయన్నది ముఖ్యం. ఆ కాలం ఏడాది దాటితే, మధ్యలో రూల్స్ మారతాయని అనుకునే కార్డు ఎంచుకోవాలి.)

మరిది: విస్తారా కార్డు తీసుకుని ఉంటే ఏడాదికే టికెట్లు వచ్చేవి, మైళ్ల లెక్క కూడా అక్కర్లేదు.

వదిన: ఆ విస్తారా ఎక్కడుంది ఇప్పుడు? 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, దాంతో ఆ కార్డుల కథ ముగిసింది. ఒకే విమాన సంస్థకి కట్టుబడే కార్డుతో ఉన్న భయమే అది. ఇంకో సంగతి, మైల్స్‌తో సీటు దొరికినా పన్నులూ సర్‌ఛార్జీలూ చేతి నుంచే కట్టాలి. మేము వెళ్లేది బాబు సెలవుల్లో, మే నెలలో. అందరూ వెళ్లే ఆ రోజుల్లోనే మైల్స్ సీట్లు దొరకడం కష్టం. నువ్వంటే ఫిబ్రవరిలో వెళ్లగలవు.

మరిది: సీట్ల విషయం ఒప్పుకుంటా. మరి అక్కడికి వెళ్లాక? మీ క్యాష్‌బ్యాక్ కార్డు వాల్‌మార్ట్‌లో గీకితే 3.5 శాతం ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు ఛార్జీ, దాని మీద జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు పోతాయి. అంటే ఇక్కడ ఐదు నెలలు తిప్పలుపడి తెచ్చుకున్న క్యాష్‌బ్యాక్ అక్కడ ఒక్క వారంలో ఇచ్చేస్తారు.

వదిన: అది నిజంగా ఆలోచించాల్సిన మాట.

మరిది: ఆలోచించేదేం లేదు, దానికి వేరే కార్డు ఉండాలి. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ లాంటివి ఉన్నాయి, ఫారెక్స్ మార్కప్ లేదు, ఏడాది ఫీజు లేదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇస్తారు కాబట్టి జీతం స్లిప్ కూడా అడగరు. అన్నయ్య రిటైరైనా దొరుకుతుంది. దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఏదైనా కొన్నప్పుడు మెషీన్ మీద రూపాయల్లో కడతారా అని అడిగితే మాత్రం వద్దనండి, అక్కడి కరెన్సీనే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లిష్టం.

వదిన: ఇది పనికొచ్చే సలహా. నువ్వు మొదటి నుంచీ ఇలా మాట్లాడి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. ప్రయాణం అంటే నీకు విమానమే గుర్తొస్తుంది, నాకు రైలు. తిరుపతి, హైదరాబాద్, వైజాగ్ అన్నీ ఏసీలోనే వెళ్తాం. ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ ప్రీమియర్ కార్డులో ఏసీ టికెట్ల మీద 10 శాతం దాకా పాయింట్ల రూపంలో తిరిగొస్తుందట, ఫీజు 1,499. జీఎస్టీతో కలిపి అది రాబట్టాలంటే ఏడాదికి పద్దెనిమిది వేల టికెట్లు కొనాలి. మేమిద్దరమే కాదు, అత్తయ్యకీ మామయ్యకీ కూడా నేనే బుక్ చేస్తా కాబట్టి అంత అవుతుందేమో, పోయినేడాది టికెట్లన్నీ కూడి చూస్తా.

మరిది: లాంజ్ ఒక్కటి వదులుకుంటున్నారు. శంషాబాద్‌లో రాత్రి ఫ్లైట్‌కి నాలుగు గంటల ముందు వెళ్లి కూర్చునేటప్పుడు తెలుస్తుంది దాని విలువ.

వదిన: ఆ లాంజ్ కోసం గత మూడు నెలల్లో 50 వేలో 75 వేలో వాడి ఉండాలని చాలా బ్యాంకులు షరతు పెట్టాయి. దానికోసం ఖర్చు పెంచను. మైల్‌స్టోన్, అదే అదనపు పాయింట్లు ఇచ్చే ఖర్చు లక్ష్యం, దగ్గరకొచ్చింది కదా అని పోయిన మార్చిలో నువ్వు అవసరం లేకుండా ఫోన్ మార్చావు, మర్చిపోయావా?

మరిది: పాత ఫోన్ బ్యాటరీ పాడైంది, వదినా.

వదిన: పోనీలే. కిరాణా కొట్టు సంగతి చెప్పు, అక్కడ కార్డు మెషీన్ లేదు.

మరిది: రూపే క్రెడిట్ కార్డు తీసుకుని యూపీఐకి కలుపుకోండి, 2022 నుంచి ఆ వీలుంది. కాకపోతే దుకాణదారుడి క్యూఆర్ వ్యాపార ఖాతాది అయ్యుండాలి, సొంత నంబరుకి పంపినట్టైతే కుదరదు.

వదిన: మా కొట్టాయనది సొంత నంబరే. సరే, అది తర్వాత చూద్దాం. ఇవన్నీ ఒకెత్తు, బిల్లు పూర్తిగా కట్టడం ఒకెత్తు. మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే, కట్టి ఊరుకుంటే నెలకి 3.75 శాతం దాకా, అంటే ఏడాదికి 45 శాతం వడ్డీ, అదీ కొన్న రోజు నుంచే. వడ్డీ 30 శాతం మించకూడదన్న 2008 నాటి వినియోగదారుల కమిషన్ ఆదేశాన్ని కూడా 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుచేసి పప్పుకూడు తిన్నట్టు పాయింట్ల కోసం బాకీ పెట్టుకుంటే ఏ కార్డూ లాభం కాదు. మీ అన్నయ్య ఆటో డెబిట్‌లో పూర్తి మొత్తం పెడితేనే నేను కార్డుకి దరఖాస్తు చేస్తా.

మరిది: అది నేను పెట్టించేస్తా. మరి నా దగ్గరున్న పాయింట్ల సంగతేం చెయ్యమంటారు?

వదిన: దాచుకోకు. దసరా తర్వాత అత్తయ్యకీ మామయ్యకీ హైదరాబాద్ నుంచి వారణాసికి టికెట్లు తియ్యి. తేదీలు మామయ్యని అడిగి రేపు చెప్తా.